తాత ఫోటో దగ్గర ఆగిన ప్రాజెక్టు

నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి ఒక సైన్స్ టీచర్ రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. పేర్లు, ఊళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్స్ చెబుతారు. ఒక శిక్షణలో నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊళ్లో పనిచేసే ఒక సారు పరిచయమయ్యారు. రెండు బడుల పిల్లలు కలిసి ఆన్‌లైన్‌లో ఒక ప్రాజెక్టు చేస్తే బాగుంటుందని ఇద్దరూ అనుకున్నారు. ‘మా ఊరి నీళ్లు’ అని పేరు పెట్టారు. బడికి ఇరవై మంది చొప్పున నలభై మంది, ఐదు గ్రూపులు. ఒక వాట్సాప్ గ్రూపు, అందరూ రాయగలిగే ఒక ఆన్‌లైన్ డాక్యుమెంటు.

మొదటి వారం పిల్లలు ఎగిరి గంతేశారు. రెండో వారానికి ఒక్కో గ్రూపులో ఇద్దరే రాస్తున్నారు. మిగతావాళ్లు ‘సూపర్’, ‘ఓకే సార్’, దండం బొమ్మ. రాసిన దాంట్లో సగం ఫోన్‌ను అడిగి దించినదే: ‘ఫ్లోరోసిస్ అనగా నేమి, కారణములు, నివారణోపాయములు’. “ఇది మా పిల్లల భాషే కాదు” అని ఆమె బాధ. ఇంట్లో ఫోన్ నాన్న చేతిలో ఉంటుంది, రాత్రి ఎనిమిది దాటితే గానీ దొరకదు. ఆడపిల్లలకు అదీ అనుమానమే.

అసలు దెబ్బ నాలుగో వారం తగిలింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె తన పేజీలో తాత ఫోటో పెట్టింది. ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయి, మంచం పట్టి లేవలేని మనిషి. ఫోటో కింద నాలుగు వాక్యాలు రాసింది. అవతలి బడి పిల్లవాడొకడు “మీ ఊళ్లో అందరు ఇట్లనే ఉంటరా? మీతోని చెయ్యి కలిపితే మాకు గూడ వస్తదా?” అని రాసి నవ్వే బొమ్మ పెట్టాడు. మరో ఐదారుగురు నవ్వారు. మర్నాడు అమ్మాయి తండ్రి బడికొచ్చి “మా నాయిన ఫోటో ఊరూర తిప్పుతరా?” అని అందరి ముందూ అడిగారు. టీచరుకు నోట మాట రాలేదు.

హెడ్‌మాస్టరు “మనకెందుకమ్మా ఈ టెన్షన్, ఆపేయండి, ఎఫ్‌ఏ (బడిలోనే జరిగే మూల్యాంకనం) మార్కులకు చార్టులు చాలు” అన్నారు. అవతలి సారు మాత్రం “చిన్న విషయం, పిల్లలు మర్చిపోతారు, సైన్స్ ఫెయిర్‌కు వీడియో చేద్దాం” అంటున్నారు. అమ్మాయి రోజూ బడికి వస్తోంది కానీ వెనక బెంచీకి మారిపోయింది. ఆ పేజీ మొత్తం తీసేయమంటోంది. ఉత్తరం చివర మూడు ప్రశ్నలున్నాయి: “ప్రాజెక్టు ఆపేయనా? ఆ పేజీ తీసేయనా? మంచి చేద్దామనుకుని ఒక ఇంటి గౌరవం పోగొట్టానా?”

*

మేడం, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకుండా మొదటి రెండూ తేలవు.

ఆ ఇంటికి నొప్పి కలిగిన మాట నిజం. అందులో మీ పాలు ఉంది. కావాలని చేయలేదు, కానీ పిల్లలు ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అని ముందే ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ల కింద పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వైపు పనిచేసేటప్పుడు నేనూ ఇలాంటిదే చేశాను. వలసల మీద క్లాసులో సర్వే చేయించాను. ‘మీ ఇంట్లో ఎవరు వలస పోయారు, ఎక్కడికి, ఎప్పుడు వస్తారు’ అని గళ్లు గీసి ఇచ్చాను. ఒక పిల్లవాడు మూడో గడి ఖాళీగా వదిలేశాడు. నింపలేదేమని అందరి ముందు అడిగాను. వాళ్ల నాన్న బొంబాయి పోయి నాలుగేళ్లు తిరిగి రాలేదని తర్వాత తెలిసింది. నాకది సర్వేలో ఒక గడి. వాడికి రోజూ రాత్రి తెరిచి ఉండే తలుపు. అప్పటి నుంచి నాకొక పట్టింపు: పిల్లల ఇంటి బాధ ప్రాజెక్టులోకి రావాలంటే ఆ ఇల్లు పిలిచి ఇవ్వాలి, మనం అడగకూడదు, మార్కులు చూపించి అసలే అడగకూడదు.

కాబట్టి ముందు ఫోటో సంగతి చూడండి. డాక్యుమెంటులోంచి బొమ్మ తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత మార్పుల చరిత్రలో అది ఉండిపోతుంది. ఫోటో లేకుండా మిగతా రాతను కొత్త డాక్యుమెంటులోకి ఎక్కించి, పాతదాన్ని పూర్తిగా తొలగించండి. ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అన్న సెట్టింగు ఉంటే ఈ రోజే మార్చండి. ఎవరైనా దాన్ని వాట్సాప్‌లోకి తెచ్చారా అన్నదీ చూడండి. తెస్తే చాలా ఫోన్లలో దానంతటదే గ్యాలరీలోకి చేరుతుంది. రెండు బడుల తల్లిదండ్రులకూ చెరిపేయమని చెప్పండి.

తర్వాత ఆ ఇంటికి వెళ్లండి. బడికి పిలిపించకండి, మీరే వెళ్లండి. వీలైతే ఆదివారం సాయంత్రం, ఒక్కరే లేదా మీ బడిలో ఆ ఊరి టీచర్ ఎవరైనా ఉంటే వాళ్లతో. ఫోన్ బయటికి తీయకండి. తండ్రితో ఉన్నమాట చెప్పండి: “అడగకుండా పెట్టనిచ్చాను, తప్పు నాది, తీసేశాను, ఎవరి ఫోన్లోనూ లేకుండా చూస్తున్నాను, కానీ పూర్తిగా పోయిందని ఒట్టు వేయలేను.” ఆ చివరి మాట కష్టం. అయినా చెప్పండి. తాతతో కూడా మాట్లాడండి. ఆయన మంచంలో ఉన్నారని ఆయన్ను దాటేసి కొడుకుతోనే మాట్లాడి వచ్చేస్తే, ఫోటో విషయంలో జరిగిందే మళ్లీ జరిగినట్టు.

మన జిల్లాకు ఇది పాత గాయం. ఎన్నో ఏళ్లుగా పేపర్లవాళ్లు, టీవీలవాళ్లు, పరిశోధకులు వచ్చి వంకర కాళ్లు, వంగిన నడుములు ఫోటో తీసుకుని పోయారు. తండ్రి కోపంలో అదంతా ఉంది. ఫ్లోరోసిస్ బాధితులు, శివన్నగూడెం అంశల స్వామి గారు తన దేహాన్నే సాక్ష్యంగా చూపించి నీళ్ల కోసం పోరాడారు, 2023లో కన్నుమూశారు. ఆయన ఆ దారి తాను ఎంచుకున్నారు. ఈ తాతను ఎవరూ అడగలేదు. ఆ తేడాను మీ పిల్లలకు కూడా నెమ్మదిగా చెప్పాల్సి ఉంటుంది. చట్టం కూడా అటే ఉంది: 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందర్నీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం కోసం కాకపోయినా, ఏ ప్రాజెక్టుకైనా మొదటి రోజే ఇంటికి ఒక కాగితం పోవాలి: పిల్లల మొహాలు, ఇంటివాళ్ల మొహాలు, పూర్తి పేర్లు, ఇంటి గుర్తులు ఆన్‌లైన్‌లో పెట్టబోమని.

ఇక ఆ పిల్లవాడి మాట. చదవగానే నాకూ మనసు చివుక్కుమంది. కానీ దాన్ని విడదీసి చూడండి. నవ్వే బొమ్మ వేరు, ప్రశ్న వేరు. “చెయ్యి కలిపితే మాకు వస్తదా?” అన్నది ఎగతాళిగా వచ్చినా అడుగున భయం ఉంది, తెలియనితనం ఉంది. నలభై మందిలో ఇంకెంత మందికి ఆ అనుమానం ఉందో! ఫ్లోరోసిస్ అంటువ్యాధి కాదు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో పేరుకుంటుంది. పళ్ల మీద గార మచ్చలు మాత్రం చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో తాగిన నీళ్లను బట్టి వస్తాయి. ఈ మాట మొదటి వారమే రెండు బడుల్లోనూ చెప్పి ఉంటే ఆ కామెంటు పుట్టేది కాదేమో.

వాడి చేత అందరి ముందు సారీ చెప్పించాలని అవతలి బడిలో ఎవరికైనా అనిపించొచ్చు. నాకది నచ్చదు. అలా చెప్పించిన సారీ అమ్మాయిని మళ్లీ అందరి కళ్ల ముందుకు లాగుతుంది, ఆమె కోరుకుంటున్నది అది కాదు. వాడితో వాళ్ల సారు విడిగా మాట్లాడాలి. ఆ పైన వాడికి ఒక పని ఇవ్వాలి: వాళ్ల ఊళ్లో తాగే బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచి రమ్మనాలి. నారాయణపేట ఉన్న పాలమూరు వైపు రాయి కూడా మన నల్లగొండలో లాగే గ్రానైట్. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు అక్కడా ఉన్నాయి. వాడి ఊరి బోరు ఏం చెబుతుందో మనకు తెలియదు, వాడికీ తెలియదు. ‘మీ ఊరు’ అన్న మాట వాడి నోట మారాలంటే వాడి చేతిలో సీసా ఉండాలి.

ఇక్కడే ప్రాజెక్టు సంగతికి వస్తున్నాను. మీరు పిల్లల్ని, ఫోన్లను, సారును తప్పుపడుతున్నారు. నా లెక్క వేరే. మీ ప్రాజెక్టుకు ‘మా ఊరి నీళ్లు’ అని పేరుంది కానీ ప్రశ్న లేదు. ప్రశ్న లేనప్పుడు పిల్లలు వ్యాసం రాస్తారు. వ్యాసం రాయాలంటే ఫోన్‌ను అడుగుతారు. ఇంకో సంగతి ఏమిటంటే, మీ పిల్లలకు నారాయణపేట పిల్లల అవసరం ఎక్కడా పడలేదు. ఇరవై మంది ఇక్కడ రాస్తున్నారు, ఇరవై మంది అక్కడ రాస్తున్నారు, ఒకే డాక్యుమెంటులో పక్కపక్కన. పక్కపక్కన రాయడం కలిసి చేయడం కాదు. ఒకరితో ఒకరికి పని లేని చోట మిగిలేది వ్యాఖ్యానమే: ‘సూపర్’ అనడం, లేదంటే నవ్వడం.

1971లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. అప్పటిదాకా విడివిడి బడుల్లో చదివిన నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెడితే గొడవలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క ఇచ్చే పద్ధతి తెచ్చారు. మిగతా ముక్కలు పక్కవాళ్ల దగ్గరే ఉంటాయి, వాళ్లు చెబితేనే తెలుస్తాయి. పక్కవాణ్ని వెక్కిరిస్తే నీ పాఠమే కుంటుపడుతుంది. నీతులు చెప్పినందుకంటే ఆ అవసరం వల్లనే పిల్లలు ఒకరి మాట ఒకరు వినడం మొదలుపెట్టారు. మీకు కావలసింది ఆ ఏర్పాటే. ఒక బడి దగ్గర లేనిది ఇంకో బడి దగ్గర ఉండాలి, అది లేకుండా ఇద్దరికీ జవాబు రాకూడదు.

మీ రెండు బడులకూ అలాంటిది ఒకటి కాదు, రెండున్నాయి.

మొదటిది కృష్ణ. ఆ నది తెలంగాణలోకి అడుగుపెట్టేది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర, భీమా వచ్చి కలిసే చోట. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్. సాగర్ నీళ్లే ఇవ్వాళ నల్లగొండ జిల్లాలో చాలా ఊళ్ల నల్లాల్లోకి వస్తున్నాయి. అంటే అవతలి పిల్లలు ఒడ్డున నిలబడి చూసే నీళ్లు మీ పిల్లల బిందెల్లోకి చేరుతుండొచ్చు. నిజంగా చేరుతున్నాయా? ఏ రిజర్వాయరు, ఏ ట్యాంకు, ఏ పైపు గుండా? దారిలో ఎక్కడ శుద్ధి చేస్తారు? సగం దారి వాళ్లు వెతకాలి, సగం దారి మీవాళ్లు వెతకాలి. ఊళ్లో వాటర్‌మ్యాన్‌ను, పంచాయతీ కార్యదర్శిని అడగాలి. రెండు సగాలు కలిసే చోటు దొరికిన రోజు పిల్లల మొహాలు చూడండి.

రెండోది సీసాల మార్పిడి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మీ పిల్లలు ఐదు చోట్ల నీళ్లు పడతారు: బడి బోరు, చేను బోరు, చేదబావి ఉంటే అది, చెరువు, నల్లా. ప్లాస్టిక్ సీసాలే వాడాలి, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసాలు పనికిరావు. సీసాల మీద ఊరి పేరు రాయరు. అ, ఆ, ఇ, ఈ, ఉ అని అక్షరాలు మాత్రమే. ఆర్టీసీ కార్గోలో అవతలి బడికి పంపుతారు. వాళ్లవి ఐదు మీకు వస్తాయి. ఏ సీసా ఎక్కడిదో తెలియకుండా ఒక్కో దాన్ని మూడుసార్లు పరీక్షించి అంకెలు షీట్‌లో ఎక్కిస్తారు. పంపినవాళ్లు కూడా తమ దగ్గర ఉంచుకున్న నీళ్లు పరీక్షించి పెట్టుకుంటారు. తర్వాత రెండు అంకెలూ పక్కపక్కన పెడతారు. కలవకపోతే? అప్పుడే అసలు మాటలు మొదలవుతాయి: “మీరు ఎన్ని చుక్కలు వేసిన్రు? ఎంతసేపు ఆగిన్రు? రంగు ఏ వెలుగులో చూసిన్రు?” దండం బొమ్మలతో గడవని సంభాషణ అది.

నీళ్లను అక్కడికక్కడే పరీక్షించే ఫీల్డ్ కిట్‌లో ఫ్లోరైడ్ పరీక్ష రంగు మీద నడుస్తుంది, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ గులాబీ రంగు పసుపు వైపు జరుగుతుంది. రెండు బడులూ ఒకే రకం కిట్ వాడాలి. ఆ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి చుక్కలు వేసేటప్పుడు మీరు పక్కనే ఉండాలి. కిట్ చెప్పేది సుమారు లెక్కే. భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ గీత దగ్గర్లో అంకె వస్తే పిల్లల మాట మీద ఊళ్లో ప్రచారం చేయకండి, నీటి పరీక్షల ల్యాబుకు పంపించండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటుంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపేది) పెట్టి ‘నీళ్లు మంచివే’ అనేస్తారు. ఆ మీటరుకు ఫ్లోరైడ్ విడిగా తెలియదు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందనీ చాలా ఇళ్లలో నమ్మకం. పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. ఈ రెండూ మీరు చెప్పేయకండి. పిల్లలు కాచిన నీళ్లు, కాచని నీళ్లు పరీక్షించి తేల్చుకోనివ్వండి.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతుల్లో ఒకదానికి ప్రపంచమంతటా పేరు ‘నల్లగొండ టెక్నిక్’. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ 1970లలో తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చడం. మీ పిల్లలకు ఊరి పేరు జబ్బుతో మాత్రమే వినబడుతోంది. ఆ పేరు ఒక ఉపాయానికి కూడా ఉందని, ఎక్కడో ఆఫ్రికా ఊళ్లలో కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారని తెలిస్తే ఆ అమ్మాయి కొంచెం తలెత్తుకుని కూర్చుంటుందని నా ఆశ.

ఫోన్ల సమస్యకు సగం జవాబు ఇందులోనే ఉంది. కొలిచే పని, రాసుకునే పని బడిలో, నోటుబుక్కులో. ఆన్‌లైన్‌లోకి ఎక్కేది వారానికి ఒక్కసారి, బడి కంప్యూటరు మీద, ఆ వారం వంతు వచ్చిన ఇద్దరి చేత. వంతు ప్రతి వారం మారాలి, ఆ ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయి తీరాలి. ఇంటి దగ్గర ఫోన్ అవసరమయ్యే పని ఒక్కటి కూడా పెట్టకండి. రెండు బడులూ ఒకేసారి తెర ముందు కూర్చోవాలన్న పట్టుదల కూడా వద్దు. ఒకచోట కరెంటుంటే ఇంకోచోట నెట్ ఉండదు. అర నిమిషం వాయిస్ మెసేజీలో పిల్లలు తమ మాటలో చెప్పి పంపితే చాలు, అవతలి వాళ్లు వీలున్నప్పుడు వింటారు. మాట్లాడితే మన పిల్లల భాష మన పిల్లలదే అవుతుంది, ‘అనగా నేమి’ రాదు.

కాపీ గురించి రెండు మాటలు. నెట్ సెంటర్‌కు పోయి ప్రాజెక్టు ప్రింట్లు కొనుక్కునే అలవాటు మన బడుల్లో ఈ ఫోన్ల కంటే ముందే ఉంది. బెర్నీ డాడ్జ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1995లోనే, ఇంటర్నెట్ బడుల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, వెబ్‌క్వెస్ట్ అని ఒక పద్ధతి పెట్టారు. వెతకడంలో పిల్లల టైం పోకుండా చదవాల్సిన నాలుగైదు పేజీలు టీచరే ఇచ్చేయాలి, వాటిని పట్టుకుని పిల్లలు ఏదో ఒకటి తేల్చాలి. మీరూ అలా ఇవ్వండి. ఫోన్‌ను అడగొద్దని నిషేధం పెట్టకండి, నిలవదు. ‘మన బడి బోరులో ఫ్లోరైడ్ ఎంత’ అని ఫోన్‌ను అడగమనండి, అది ఏం చెబుతుందో రాసుకోమనండి, తర్వాత కిట్‌తో చూడమనండి.

‘సూపర్’ల సంగతి. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు 2000 ప్రాంతంలో ఆన్‌లైన్ చర్చల్ని పరిశీలించి నాలుగు మెట్లు గుర్తించారు: సందేహం పుట్టడం, నలుగురూ తమకు తెలిసింది పోగేయడం, పోగైన దాన్ని కలిపి అర్థం చేసుకోవడం, చివరికి తేల్చడం. చర్చలు రెండో మెట్టు మీదే చతికిలపడుతుంటాయని వాళ్లకు కనబడింది. వాళ్లు చూసింది పెద్ద చదువుల విద్యార్థుల్ని. అలాంటప్పుడు మీ తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏమంటాం? మూడో మెట్టు ఎక్కించేది టీచరు వేసే ప్రశ్న. “ఉ సీసాకు మీరు 2 అన్నారు, వాళ్లు 1 అన్నారు, ఎవరిది నమ్మాలి, ఎందుకు?” అని మీరు వారానికి ఒక్క ప్రశ్న వేయండి చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

పూర్తిగా ఆపేయొచ్చు. హెడ్‌మాస్టరు గారికి నిమ్మళం, మీకూ కొన్నాళ్లు నిద్ర పడుతుంది. కానీ ఆ అమ్మాయికి ‘మా తాత వల్లనే ఆగింది’ అని మిగులుతుంది. అవతలి పిల్లలకు నల్లగొండ అంటే ఆ ఫోటో ఒక్కటే గుర్తుంటుంది. ఆ ఇల్లు “ఇంక మాకీ మాటే వద్దు” అని గట్టిగా అంటే మాత్రం ఆపడమే సరైనది. అప్పుడు రెండో మాట లేదు.

సారు చెప్పినట్టు సైన్స్ ఫెయిర్‌కు వీడియో చేయొచ్చు. షీల్డు రావచ్చు కూడా. దానికి ఇద్దరు తెలివైన పిల్లలు, ఒక మంచి గొంతు ఉంటే చాలు. మిగతా ముప్పై ఎనిమిది మంది వెనక నిలబడతారు. పైగా వీడియో అనగానే ఎవరో ఒకరు మళ్లీ రోగి ఫోటో అడుగుతారు. ఈ దారి నాకు నచ్చలేదు. అయితే సారును చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆయన బడికి ఒక గుర్తింపు కావాలి, అది తప్పు కాదు. ఆయనకు ఫోన్ చేసి “మా వైపు ఒక ఇల్లు బాధపడింది” అని ముందు చెప్పండి, ప్రాజెక్టు మాట తర్వాత. వయసులో పెద్దవారు కాబట్టి వాదన పెట్టుకోకండి. సీసాల ఆలోచన చెప్పి, “మీవైపు బోర్ల సంగతి మీరే తేల్చాలి సార్” అని ఆ పని ఆయన చేతిలో పెట్టండి. సైన్స్ ఫెయిర్‌కు కలవని అంకెల పట్టిక కూడా తీసుకుపోవచ్చు. జడ్జీలు నిలబడి అడిగేది అలాంటి వాటినే. ఆయన ఒప్పుకోకపోతే ఆయనతో ముందుకు పోవడం కష్టమే.

మూడోది, చిన్నదిగా చేసి మళ్లీ మొదలుపెట్టడం. రెండు వారాలు ఖాళీ ఇచ్చి, నలభై మందికి బదులు బడికి పది మందితో, ఆరు వారాలు, ఒకే ప్రశ్న. నా మొగ్గు ఇటే. కానీ దీనికి ఖర్చు ఉంది: మీ సాయంత్రాలు పోతాయి, సిలబస్ వెనకబడిందని మాట వస్తుంది, కిట్ కోసం తిరగాలి. మీ ఒంట్లో, ఇంట్లో ఇప్పుడు అంత ఓపిక లేకపోతే నాలుగోది కూడా పరువైన దారే: ఈ ఏడాది మీ బడి వరకే సీసాలు, కిట్టు, నోటుబుక్కు. ఆన్‌లైన్ లేదు, అవతలి బడి లేదు. పిల్లలు కొలవడం నేర్చుకుంటారు, పోగొట్టుకునేది అవతలి బడి కళ్లను. వచ్చే ఏడాది మళ్లీ కలవొచ్చు.

హెడ్‌మాస్టరు గారి దగ్గరికి ఏ దారితో వెళ్లినా ఒక్క పేజీ కాగితంతో వెళ్లండి. పిల్లలు ఎందరు, ఎన్ని వారాలు, ఫోటోలు ఉండవు, తల్లిదండ్రుల సంతకాలు ఉంటాయి, గొడవ వస్తే జవాబుదారీ ఎవరు. ఆయన భయం ఆయనది, ఆ రోజు తండ్రి అరిచింది ఆయన గది ముందే. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి, ఆ మార్కులు ఈ పనికే వేస్తారని రాయండి. మార్కు వేసేటప్పుడు చివరి చార్టు అందాన్ని చూడకండి, నోటుబుక్కులో కొట్టివేతల్ని చూడండి. ముందు అనుకున్నది ఎక్కడ మార్చుకున్నాడో అక్కడ ఆ పిల్లవాడు ఆలోచించాడు.

చివరికి ఆ పేజీ. ఫోటో కింద ఆ అమ్మాయి రాసిన నాలుగు వాక్యాలు మీరు ఉత్తరంలో దించి పంపారు, బహుశా వాటి విలువ మీకు తట్టకుండానే. “మా తాత చిన్నగున్నప్పుడు చేదబావి నీళ్లు తాగిండు. తర్వాత బోరు వేసిన్రు. నొప్పులు ఎప్పుడు మొదలైనయో తాతకు యాది లేదు. బావి నీళ్లు మంచియా, బోరు నీళ్లు మంచియా నాకు తెల్వదు.” మేడం, నలభై మంది రాసిన దాంట్లో నిజమైన ప్రశ్న ఇదొక్కటే. దీనికి తొందరపడి జవాబు చెప్పకండి. లోతు బోర్లలో నీరు రాతితో ఎక్కువ కాలం ఒరుసుకుంటుంది కాబట్టి ఫ్లోరైడ్ పెరగొచ్చు, కానీ మన జిల్లాలో బోర్లు ఇంతగా రాకముందే బావి నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఉండేది. ఆ ఊరి బావి ఏం చెబుతుందో కొలిస్తేనే తెలుస్తుంది.

ఫోటో మీరు తీసేయండి, అది ఇంటివాళ్ల మాట. రాత మాత్రం ఆ అమ్మాయిది. పూర్తిగా తీసేయమంటే తీసేయండి, మళ్లీ అడగకండి. కానీ తీసేసేముందు ఒకసారి ఆ నాలుగో వాక్యం ఆమెకు చూపించి, “ఇది నీ పేరు లేకుండా, మీ తాత మాట లేకుండా, ఒట్టి ప్రశ్నగా గ్రూపుకు ఇస్తావా?” అని అడిగి చూడండి. క్లాసులో అడగొద్దు. ల్యాబు సర్దేటప్పుడో, మధ్యాహ్న భోజనం అయ్యాకో, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు అడగండి. ఆలోచించుకోవడానికి ఒక వారం ఇవ్వండి.